ఆకలి లేని చేపకు గాలం: సియాటెల్ చుట్టుపక్కల నదుల్లో ఫాల్ కోహో సాల్మన్‌కి ఫ్లై ఫిషింగ్

ప్రశ్న ఇది: “రెడ్‌మండ్‌లో ఉంటున్నాను. ఊళ్లో కాలవగట్టున వానపాముతో గాలం వేసిన అలవాటుంది గానీ ఫ్లై రాడ్ ఎప్పుడూ పట్టలేదు. సెప్టెంబర్, నవంబర్ మధ్య నదిలో ఒక్క సాల్మన్‌నైనా ఫ్లై మీద పట్టాలని ఉంది. ఏం కొనాలి, ఎక్కడ నిలబడాలి, ఎలా వెయ్యాలి? 700 డాలర్లలో అయిపోవాలి.”

ఫ్లై అంటే హుక్కుకి ఈకలు, బొచ్చు కట్టి చేసిన ఉత్తుత్తి ఎర, దాన్ని విసిరే కర్ర ఫ్లై రాడ్. రాడ్డు సంగతి తర్వాత చూద్దాం. ముందు చేప సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే కాలవగట్టు అలవాటు ఇక్కడ కొంత అడ్డం పడుతుంది. అక్కడ చేపకు ఆకలి ఉంటుంది, ఎరను వెతుక్కుంటూ అదే వస్తుంది, మనం బెండు వంక చూస్తూ కూర్చుంటే చాలు. సాల్మన్ నదిలోకి ఎక్కిందంటే మేత మానేసినట్టే. గోదావరికి ఎదురెక్కే పులసలాగా అది గుడ్లు పెట్టడానికి వచ్చింది, తిండికి కాదు. కాకపోతే ముక్కు ముందు నుంచి ఏదైనా కదిలి పోతుంటే చిరాకుతోనో, సముద్రంలో వేటాడిన అలవాటుతోనో టక్కున కరుస్తుంది. మన ప్రయత్నమంతా ఆ ఒక్క కాటు కోసం. అందుకని చేప ఉన్న చోటికి, అది ఉన్న లోతుకి, దానికి చిరాకు పుట్టించే వేగంతో ఫ్లైని మనమే తీసుకెళ్లాలి. నదిలోకి వచ్చి రోజులు గడిచేకొద్దీ చేప మొండికేస్తుంది కాబట్టి కొత్తగా ఎక్కిన దాన్నే వెతుక్కోవాలి. ఎంత దూరం విసరగలరు, రాడ్డు ఏ కంపెనీది అన్నవి వీటన్నిటి తర్వాత.

మీ వైపు నదుల్లోకి వచ్చేవి ఐదు రకాలు: చినూక్, కోహో, చమ్, పింక్, సాకై. కొత్తవాళ్లకు నా ఓటు కోహోకే. సెప్టెంబర్ రెండో సగం నుంచి నవంబర్ మొదటి వారాల దాకా ఉంటుంది, మామూలుగా 6 నుంచి 10 పౌండ్లు తూగుతుంది, ఫ్లైని వెంటాడే గుణం బాగా ఉంది. పింక్ ఇంకా సులువు, కానీ సియాటెల్‌ను ఆనుకుని ఉన్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో కలిసే నదుల్లోకి 2025, 2027 లాంటి బేసి సంవత్సరాల్లోనే గుంపులుగా వస్తుంది, అదీ ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో. నవంబర్‌లో చమ్ దిగుతుంది. బరువెక్కువ, లాగుడు మరీ ఎక్కువ. సాకైని మర్చిపోండి. చినూక్ మీద ఆశ పెట్టుకోవద్దు. 1999 నుంచి ప్యూజెట్ సౌండ్ చినూక్ ఫెడరల్ రక్షిత జాబితాలో ఉంది, ఫాల్‌లో చాలా చోట్ల అది పడితే వదిలెయ్యాల్సిందే.

వదిలెయ్యాలంటే ముందు గుర్తుపట్టాలి, అదీ చేప నీళ్లలో ఉండగానే. తోక చూడండి. నల్ల చుక్కలు తోక పై రెక్కలోనే ఉంటే కోహో, పైనా కిందా రెండు రెక్కల్లోనూ ఉంటే చినూక్. సందేహం వస్తే కింది దవడ చూడండి. పళ్ల మొదట్లో చిగురు తెల్లగా ఉంటే కోహో, అక్కడ కూడా నల్లగా ఉంటే చినూక్. తోక మీద పెద్ద పెద్ద కోడిగుడ్డు ఆకారపు మచ్చలుంటే పింక్. చుక్కలే లేకుండా ఒంటి మీద నిలువు చారలుంటే చమ్. ఆ తర్వాత వీపు రెక్కకీ తోకకీ మధ్య ఉండే చిన్న కండ రెక్క, అడిపోజ్ ఫిన్, చూడండి. అది కత్తిరించి, గాయం మానిన మచ్చ ఉంటే హ్యాచరీలో పెంచి వదిలిన చేప. రెక్క నిక్షేపంగా ఉంటే వైల్డ్, అంటే నదిలోనే పుట్టి పెరిగింది. చాలా నదుల్లో ఏది ఉంచుకోవచ్చు, ఏది కూడదు అన్నది ఈ గోరంత రెక్క మీదే ఆధారపడుతుంది.

రూల్స్ గురించి క్లుప్తంగా. 15 ఏళ్లు నిండిన వాళ్లందరికీ వాషింగ్టన్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల ఫ్రెష్‌వాటర్ లైసెన్స్ కావాలి. లైసెన్స్ సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. సాల్మన్‌కి దాంతోపాటు క్యాచ్ రికార్డ్ కార్డు తప్పనిసరి, లైసెన్స్ అక్కర్లేని పిల్లలకు కూడా. ఉంచుకున్న చేపను ఆ క్షణమే కార్డులో రాయాలి, కారు దగ్గరికి వెళ్లాక కాదు. ఏడాది లైసెన్స్‌తో వచ్చే వెహికల్ యాక్సెస్ పాస్ కారు అద్దం దగ్గర పెట్టుకుంటే ఆ శాఖ పార్కింగ్ స్థలాలకు వేరే పాస్ అక్కర్లేదు. అసలు తలనొప్పి ఎమర్జెన్సీ రూల్స్. నది తెరవడం, మూయడం, రోజుకి ఎన్ని చేపలు అన్నవి సీజన్ మధ్యలో కూడా మారిపోతాయి. కిందటేడు స్నేహితుడు పట్టాడు కదా అని వెళ్లొద్దు. బయల్దేరే రోజు పొద్దున ‘ఫిష్ వాషింగ్టన్’ యాప్‌లో ఆ నది, ఆ వంతెన నుంచి ఈ వంతెన దాకా అన్న సెక్షన్‌తో సహా చూసుకోండి. హుక్కుకి బార్బ్ (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు) ఉండకూడదన్న నిబంధన చాలా చోట్ల ఉంది. లేని చోట కూడా ప్లయర్స్‌తో నొక్కేసుకోండి. చేపకే కాదు, మీ చెవికి గుచ్చుకున్నప్పుడు మీకూ మంచిది. వదిలెయ్యాల్సిన సాల్మన్‌ని ఫొటో కోసమని పూర్తిగా నీళ్లలోంచి పైకెత్తడం ఈ రాష్ట్ర నదుల్లో నేరం. వాట్సాప్ గ్రూపుల్లో కనిపించే ఫొటోలు చూసి నేర్చుకోకండి.

ఇక ఏ రోజు వెళ్లాలి? అన్నిటికంటే ఎక్కువ తేడా పడేది ఇక్కడే, అందరూ తక్కువ పట్టించుకునేదీ ఇదే. శనివారం ఖాళీ కాబట్టి శనివారం వెళ్తారు. చేపకి వారాలు తెలియవు, వాన తెలుసు. సెప్టెంబర్‌లో నది సన్నగా, అద్దంలా ఉన్నప్పుడు కోహో నది ముఖం దగ్గరా కింది మడుగుల్లోనూ ఆగిపోతుంది. మొదటి గట్టి వానకు నీరు పెరగగానే పైకి కదులుతుంది. పెరుగుతున్నప్పుడు నీళ్లు బురదగా ఉంటాయి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి, చేప నడుస్తూ ఉంటుంది, ఫ్లైని పట్టించుకోదు. నీరు తగ్గడం మొదలై, బురద రంగు పోయి పచ్చగా తిరిగి, మోకాలి లోతులో మీ బూటు ముందు భాగం మసకగా కనిపించే రోజు మీది. అంటే రెండు నుంచి నాలుగు అడుగుల లోపలి దాకా చూపు ఆనాలి.

దీనికి యూఎస్‌జీఎస్ గేజ్, అంటే అమెరికా భూగర్భ సర్వే సంస్థ నదుల్లో నీటి ప్రవాహాన్ని కొలిచి గీసే గ్రాఫ్, చూడటం నేర్చుకోండి. మీకు దగ్గరి నదుల్లో స్కైకోమిష్‌కి గోల్డ్ బార్ ఊరి దగ్గరి గేజ్, స్నోక్వాల్మీకి కార్నేషన్ ఊరి దగ్గరి గేజ్. అందులో అంకె కంటే గీత వాలు ముఖ్యం. గీత నిట్టనిలువుగా లేస్తుంటే ఇంట్లో ఉండండి. శిఖరం దాటి ఒకటి రెండు రోజులుగా నెమ్మదిగా దిగుతుంటే బయల్దేరండి. స్కైకోమిష్‌లో గోల్డ్ బార్ దగ్గర 1,500 నుంచి 3,500 సీఎఫ్‌ఎస్ (సెకనుకి పారే ఘనపుటడుగుల నీరు) మధ్య ఉంటే దిగి నడవడానికి వీలుంటుంది. 5,000 దాటితే కొత్తవాళ్లకు గట్టు మీదే పని. రోజులో అయితే వెలుతురు రావడానికి ముందే నిలబడి ఉండాలి. ఎండ నీటి మీద పడ్డాక కోహో కరవడం బాగా తగ్గుతుంది. మబ్బు, సన్న జల్లు ఉన్న రోజు మధ్యాహ్నం దాకా అవకాశం ఉంటుంది.

రెడ్‌మండ్ నుంచి మీకు దగ్గరివి స్నోక్వాల్మీ, స్కైకోమిష్. మన్రో ఊరికి దిగువన ఈ రెండూ కలిసి స్నోహోమిష్ నది అవుతాయి. మన్రో నుంచి సుల్తాన్ మధ్య స్కైకోమిష్‌లో గులకరాళ్ల మేటలు ఉన్నాయి, వెనక్కి విసరడానికి చోటుంటుంది, కాబట్టి మొదటిసారికి అదే మేలు. కార్నేషన్ కింద స్నోక్వాల్మీ నీరు నెమ్మది, కోహోకి ఇష్టమైన నీరే, కానీ గట్లు నిలువుగా, బురదగా, వెనక చెట్లతో ఉంటాయి. చిన్న పడవ ఉన్నవాళ్లకు అది స్వర్గం.

నది దగ్గరికి వెళ్లగానే కొత్తవాళ్ల కళ్లు తెల్లగా నురగలు కక్కే వేగమైన నీటి మీదికి పోతాయి. కోహో అక్కడ ఉండదు. మనిషి తాపీగా నడిచే వేగమో, అంతకంటే తక్కువో ఉన్న నీరు దానికి కావాలి. పడిపోయిన చెట్టు పక్కన, నది లోపలి వంపులో, పాయ వచ్చి కలిసే చోట, సుళ్ల వెనక నిలకడగా ఉండే మడుగులో, నాలుగు నుంచి ఎనిమిది అడుగుల లోతులో చూడండి. మొదటి పది నిమిషాలు రాడ్డు పక్కన పెట్టి నీటిని గమనించండి. కోహో పైకి దొర్లుతుంది, వీపు చూపిస్తుంది, ఉన్నట్టుండి ఎగురుతుంది. ఒకే చోట రెండు మూడు సార్లు దొర్లితే గుంపు అక్కడుంది. గంటసేపు ఏమీ కనబడక, కాటూ లేకపోతే చోటు మారండి. చేపలేని మడుగులో ఎంత అందంగా విసిరినా దండగే.

లోతు తక్కువ చోట శుభ్రంగా కడిగినట్టు తెల్లగా మెరిసే గులకరాళ్ల మచ్చ కనిపిస్తే అది గుడ్లు పెట్టిన గూడు, దాన్ని రెడ్ (redd) అంటారు. దాని మీద కాలు పెట్టకండి, దాని మీద కాపలా ఉన్న చేపకు ఫ్లై వెయ్యకండి.

సామాను. 8 వెయిట్ (రాడ్డు బలాన్ని చెప్పే అంకె), 9 అడుగుల సింగిల్ హ్యాండ్ (ఒంటిచేత్తో విసిరే) రాడ్డు. 6 వెయిట్ చాలదు, 10 అయితే చెయ్యి పడిపోతుంది. రాడ్డు, రీలు, ఫ్లోటింగ్ (నీటి మీద తేలే) లైను కలిపిన కిట్లు 250 డాలర్ల ప్రాంతంలో దొరుకుతాయి, అది చాలు. రీలుకి డిస్క్ డ్రాగ్ (లైను జారకుండా పట్టే బ్రేకు) ఉండాలి, లోపల లైను వెనక 20 పౌండ్ల బ్యాకింగ్ దారం 150 గజాలు చుట్టి ఉండాలి. స్పే రాడ్డు గురించి జనం చెవులు ఊదరగొడతారు. రెండు చేతులతో విసిరే ఆ 13 అడుగుల రాడ్డు పెద్ద నదిలో గొప్పదే, కానీ మొదటి ఏడాది నేర్చుకోవాల్సినవి చాలానే ఉండగా దాని జోలికి వద్దు. పైగా నెమ్మది నీళ్లలో ఫ్లైని చేత్తో లాగాల్సిన కోహోకి సింగిల్ హ్యాండే హాయి.

రెండో లైను కొనే బదులు ఫ్లోటింగ్ లైను చివర తగిలించే 10 అడుగుల పాలీలీడర్లు (నీళ్లలో మునిగే పూత తీగలు) రెండు కొనండి: ఒకటి నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియట్, ఒకటి సెకనుకి ఆరేడు అంగుళాలు మునిగేది. వాటికి మూడు నాలుగు అడుగుల 12 పౌండ్ల మోనో (నైలాన్ దారం) కట్టి, చివర ఫ్లై. ఇక్కడ మోనో మరీ పొడుగ్గా కడితే బరువైన పాలీలీడర్ కిందికి దిగుతుంది, ఫ్లై మాత్రం పైనే తేలుతుంది. మొత్తం శ్రమ వృథా అయ్యే తప్పు ఇదే. మిగిలిన డబ్బు వేడర్లకు (నీళ్లలో నిలబడటానికి ఛాతీ దాకా వేసుకునే, తడవని ప్యాంటు), బూట్లకు పెట్టండి. పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర వేడర్లు తీసుకుంటే ఇంట్లో తిరగేసి లోపలి నుంచి టార్చి వేసి కుట్ల వెంట చిల్లులు చూసుకోండి.

ఫ్లైలు ఆరు రకాలు కొనక్కర్లేదు. 4 సైజు హుక్కు మీద నలుపు-నీలం, గులాబి-ఊదా, చార్ట్రూజ్ (పసుపు కలిసిన లేతాకుపచ్చ) రంగుల్లో వూలీ బగ్గర్ గానీ బన్నీ లీచ్ గానీ అనే రకం ఫ్లైలు, ఒక్కో రంగు మూడేసి. పింక్ సీజన్ అయితే గులాబి రంగు క్లౌజర్ రకం ఫ్లై చాలు. నీళ్లు తేటగా ఉంటే చిన్నది, ముదురు రంగు. మసకగా ఉంటే పెద్దది, కొట్టొచ్చినట్టు కనిపించేది. కళ్ల స్థానంలో చిన్న డంబెల్ ఉన్న ఫ్లై లాగి ఆపినప్పుడల్లా తల దించుతుంది. కోహో ఎక్కువసార్లు కరిచేది ఆ దిగే క్షణంలోనే.

విసరడం గురించి భయం వద్దు, 40 అడుగులు చాలు. నదికి వెళ్లే ముందు పార్కు గడ్డి మీద, ఫ్లై బదులు ఉన్ని పోగు కట్టి, రోజూ పావుగంట చొప్పున రెండు వారాలు సాధన చెయ్యండి. ముందు రోల్ కాస్ట్ (లైనుని వెనక్కి గాల్లోకి పోనివ్వకుండా ముందుకు దొర్లించే విసురు) నేర్చుకోండి, వెనక చెట్లున్న చోట అదే దిక్కు. మునిగిన బరువు లైనుని నీళ్లలోంచి నేరుగా వెనక్కి లేపబోతే రాడ్డు వంగిపోతుంది, లైను రాదు. ముందు దాదాపు అంతా దగ్గరికి లాక్కోండి, ఒక రోల్ కాస్ట్‌తో పైకి తెచ్చి నీటి మీద పరవండి, అది తిన్నగా పడీ పడగానే ఒక్క వెనక విసురు, ఒక్క ముందు విసురు, వదిలెయ్యండి. గాల్లో నాలుగైదు సార్లు ఊపడం అందంగా ఉంటుంది గానీ బరువైన ఫ్లై మీ తల వెనక తగిలేది ఆ నాలుగో ఊపులోనే. వెనక్కి పక్కవాటుగా తీసుకెళ్లి ముందుకు నిలువుగా తెస్తే ఫ్లై రాడ్డుకి దూరంగా పోతుంది. కుడిచేతి వాటం వాళ్లకు కుడివైపు నుంచి గాలి వీస్తుంటే ఎడమ భుజం మీదుగా విసరాలి. టోపీ, కళ్లద్దాలు లేకుండా ఒక్క విసురు కూడా వద్దు.

నెమ్మది మడుగులో పద్ధతి: విసిరి, రాడ్డు మొనను నీటికి తాకేలా దించి, ఐదు లెక్కపెట్టి లాగడం మొదలుపెట్టండి. ఆరంగుళాల చిన్న కుదుపులు, చకచకా, పది లాగి ఒక్క క్షణం ఆపి మళ్లీ. కాటు లేకపోతే తర్వాతి విసురుకి పది లెక్కపెట్టండి, ఆ తర్వాత పదిహేను. లోతు కుదిరాకే వేగం మార్చండి, వేగమూ మార్చి చూశాకే ఫ్లై మార్చండి. చాలామంది దీన్ని తలకిందులు చేసి ముందు డబ్బా తీసి ఫ్లైలు మార్చుకుంటూ కూర్చుంటారు.

కాస్త కదిలే నీళ్లలో, ముఖ్యంగా చమ్‌కి, స్వింగ్ పద్ధతి. అడ్డంగా కాదు, 45 డిగ్రీలు దిగువకు విసిరి, వెంటనే లైనుని ఎగువకు ఒక్కసారి మళ్లించి, ఫ్లై అర్ధచంద్రాకారంలో గట్టు వైపు జారేదాకా దాని జోలికి పోకండి. చివర వేలాడే చోట ఐదారు సెకన్లు ఉంచి, రెండడుగులు దిగువకు జరిగి మళ్లీ. నాలుగైదు విసుర్లకు ఒకసారి అడుగు తగులుతుంటే లోతు సరిగ్గా ఉంది. ప్రతిసారీ తగులుతుంటే బరువెక్కువ. ఎప్పుడూ తగలకపోతే చేప తల మీదుగా పోతోంది.

కాటు పడగానే రాడ్డు పైకెత్తడం కాలవగట్టు అలవాటు, దీన్ని ముందే చంపుకోవాలి. రాడ్డు లేపితే ఫ్లై నోట్లోంచి జారుతుంది. రాడ్డు అలాగే ఉంచి లైనుని చేత్తో పొడుగ్గా, గట్టిగా ఒక్క గుంజు గుంజండి. బరువు తెలిశాకే రాడ్డు లేవాలి. కోహో తరచూ మీ వైపే పరిగెత్తుతుంది. అప్పుడు రీలు తిప్పుతూ కూర్చోకుండా చేత్తోనే లైను లాక్కోండి, బార్బ్ లేని హుక్కు వదులైన క్షణమే ఊడుతుంది. దూరంగా పోతుంటే రీలు పిడి నుంచి చెయ్యి తీసెయ్యండి, ఎగిరితే రాడ్డు మొనను దాని వైపు దించండి. తర్వాత రాడ్డు నిలువుగా కాకుండా పక్కకు వాల్చి, చేప తల తిప్పుతూ, నెమ్మది నీటిలోకి తెచ్చి రబ్బరు వలలో పట్టండి.

చేప తప్పిపోయినప్పుడు తెగిన కొసను చూడండి, కారణం అక్కడే రాసి ఉంటుంది. కొస పంది తోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది, తడి చేసి గట్టిగా బిగించలేదన్నమాట. గరుగ్గా చిట్లి ఉంటే రాయికి రాసుకున్న దారాన్ని మార్చలేదు. దారం బాగుండి ఫ్లై తిరిగొస్తే హుక్కు మొనను బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా లాగండి. జారిపోతే మొద్దుబారింది, ఆకురాయితో రెండుసార్లు రుద్దండి. ఫ్లై మీద పొలుసు అంటుకుని వస్తుంటే మాత్రం సంతోషించకండి. మీ దారం చేపల ఒంటికి రాసుకుంటోంది, అంటే నోటికి కాక ఒంటికి గుచ్చుతున్నారు. అలా గుచ్చి పట్టడం చట్టవిరుద్ధం. తేలికైన పాలీలీడర్‌కి మారండి, లేదా గుంపు మధ్యలోంచి అంచుకి జరగండి.

నీళ్లలో దిగేముందు వేడర్ల నడుం బెల్టు బిగించండి. పడితే లోపలికి నీళ్లు దూరకుండా ఆపేది అదే. కర్ర ఊతంగా, పక్కవాటుగా, పాదం జరుపుతూ నడవాలి, ఒక పాదం వేసి మరో పాదం దాటించకూడదు. తొడ దాటిన నీళ్లలోకి మొదటి సీజన్‌లో వెళ్లొద్దు, కోహో ఎలాగూ అంచుల్లోనే ఉంటుంది. కొట్టుకుపోతే లేచి నిలబడబోకండి, పాదం రాళ్లలో ఇరుక్కుంటే అదే ప్రాణం తీస్తుంది. వెల్లకిలా, కాళ్లు దిగువకు పెట్టి, చేతులతో గట్టు వైపు ఈదండి. గాలి నింపుకునే లైఫ్ వెస్ట్ ఒకటి ఉంటే మంచిది. కారులో మారు బట్టలు తప్పనిసరి.

ఉంచుకోదగిన చేప అయితే తల మీద ఒక్క దెబ్బ, మొప్పలు కోసి నీళ్లలో రెండు నిమిషాలు నెత్తురు పోనిచ్చి, ఐస్‌లో పెట్టండి. ఇది చెయ్యకపోతే మరుసటి రోజుకి నీచు వాసన ఎక్కుతుంది. ఒళ్లు ఎర్రబడి, మగదానికి ముక్కు వంకర తిరిగిందంటే దాని కొవ్వంతా ప్రయాణానికే ఖర్చయిపోయింది, మాంసం పాలిపోయి పీచుగా ఉంటుంది, పులుసుకి కూడా నిలవదు. వెండిలా మెరిసేదే ఇంటికి తెచ్చుకోండి, మిగతావి గూటికి పోనివ్వండి. సగం ఉడికించి తినే అలవాటుంటే ముందు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో ఏడు రోజులు గడ్డకట్టించాలి, పురుగులు ఉంటాయి. ఇంట్లో కుక్క ఉంటే పచ్చి ముక్క, తల, పేగులు దాని నోటికి అందనివ్వకండి. ఈ ప్రాంతపు సాల్మన్‌లో ఉండే ఒక పరాన్నజీవి మోసుకొచ్చే బ్యాక్టీరియా కుక్కల ప్రాణం తీస్తుంది, తిన్నదని తెలిస్తే వాంతులు మొదలయ్యేదాకా ఆగకుండా వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.